రెండు కోటింగుల వెండి రంగు

రేడియో మాట్లాడేవాళ్లలో ఒక మర్యాద ఉంది. ఎదుటివాళ్ల గొంతు తమకు ఎట్లా వినిపిస్తోందో రెండు అంకెల్లో చెప్పాలి. మొదటిది మాట ఎంత స్పష్టంగా ఉందో, అయిదు వరకు. రెండోది సిగ్నల్ ఎంత బలంగా ఉందో, తొమ్మిది వరకు. అంతా బాగుంటే ‘ఫైవ్ నైన్’. లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునే మా హామ్ రేడియో క్లబ్బులో ఇంతవరకు ఎవరూ ఎవరికీ ఫైవ్ నైన్‌కు తక్కువ ఇచ్చిన పాపాన పోలేదు. "మీకు ఫైవ్ నైన్ సార్, మస్తు క్లియర్‌గ ఉన్నది. జర మీ పేరు ఇంకోపారి చెప్పుండ్రి" అనేవాళ్లను ప్రతి ఆదివారం ఉదయం వింటాను.

నేను మాత్రం వినిపించినంతే రాసుకుంటాను. వంటింటి కిటికీ పక్కన మేకుకు ఒక నోటుబుక్కు వేలాడుతుంటుంది. తేదీ, ఎవరు, ఎంత. ఇందులో గొప్పేమీ లేదు. పాలు పొంగాయా అని అడిగితే గిన్నెలోకి చూసి చెప్పడం లాంటిది.

నేను పుట్టింది హుజూరాబాద్‌లో. కరీంనగర్‌లో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్లయి జైనూర్ వచ్చాను. మా ఆయన యూనుస్‌కు ఇక్కడి బజారులో మోటార్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం ఉంది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. రేడియో లైసెన్సు పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఇంగ్లిషు ప్రశ్నల దగ్గరే ఆగిపోయాడు. నేను మొదటిసారే పాసయ్యాను. అందుకని మా ఇంట్లో రేడియోలో మాట్లాడే హక్కు నాది, రేడియో తయారుచేసే చేయి ఆయనది. ఈ రెండూ ఒకే ఇంట్లో దొరకడం క్లబ్బువాళ్లకు సౌకర్యంగా ఉండేది. ఆయనతో పని చేయించుకునేవాళ్లు, నాతో చాయ్ పెట్టించుకునేవాళ్లు.

జైనూర్ వెనక ఎర్రగుట్ట దాటితే లొద్దిగూడ. అక్కడ ఫోను పలకదు. వానాకాలం వాగు వస్తే మనిషి కూడా దాటలేడు. ఆ ఊరి బడి పంతులు కుమార్ మా వరండాలో కూర్చుని నా దగ్గర పాఠాలు చదువుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. కానీ చేతిలో పట్టే చిన్న సెట్టు మాట గుట్టను దాటదు. గుట్ట మీద ఒక పెట్టె పెడితే అది ఈ పక్క మాట విని, అదే క్షణంలో ఆ పక్కకు గట్టిగా పలుకుతుంది. దాన్నే రిపీటర్ అంటారు.

అది యూనుస్ రెండేళ్ల పని. బండ్లలో వాడి పారేసిన రెండు పాత సెట్లు తెచ్చి, ఒకదాన్ని వినడానికి, ఒకదాన్ని పలకడానికి పెట్టాడు. పలికే గొంతు వినే చెవిలో పడకుండా అడ్డుకోవడానికి రాగి గొట్టాలతో పాలక్యాన్లంత ఎత్తున ఆరు ఫిల్టర్లు చేశాడు. వాటి మరలు పావు చుట్టు అటూ, పావు చుట్టు ఇటూ తిప్పుతూ నాలుగు నెలలు కూర్చున్నాడు. ఫైబర్ గొట్టంలో రాగి కడ్డీలు అమర్చి యాంటెన్నా కూడా ఆయనే చేశాడు. నా వంతు పని కేబుల్ అతుకులకు టేపు చుట్టడం. టేపును కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడే పెంకుల కప్పులా పై పొర కింది పొర మీదికి వచ్చి వాన నీళ్లు జారిపోతాయి. మగవాళ్లు పై నుంచి కిందికి చుడతారు, తొందరగా అయిపోతుందని. యూనుస్ చుట్టినవి రెండుసార్లు విప్పించి మళ్లీ చుట్టాను.

ఎర్రగుట్ట మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక గది ఉంది. తహసీల్దారు మేడం దాన్ని మూడు నెలలకు ఇచ్చింది. వానలకు ముందు ఒక రోజు లొద్దిగూడ నుంచి కుమార్ మాట్లాడితే తన ఆఫీసులో వినిపించాలి. వినిపిస్తే గది ఏడాదికి మాది, లేకపోతే పెట్టె దించుకోవాలి. ఇదీ షరతు. మార్చిలో పెట్టె పలకడం మొదలుపెట్టింది. పద్దెనిమిది రోజుల పాటు కుమార్‌కు నా నోటుబుక్కులో ‘ఫైవ్ సెవెన్’ పడింది. నేను ఇచ్చిన ఫైవ్ సెవెన్ అంటే అది ఫైవ్ సెవెనే.

క్లబ్బు అధ్యక్షుడు కైలాసం సార్ కరీంనగర్‌లో నాకు ఫిజిక్సు చెప్పిన మనిషే. రిటైరయి సొంత ఊరు ఆసిఫాబాద్ చేరి, మూడంతస్తుల మీద నిలువెత్తు యాంటెన్నా పెట్టుకున్నాడు. ఆయనకు ఒక్కటే బాధ.

"ప్రారంభోత్సవం గాకుంటనే పనిచేస్తున్నదేందమ్మా? గట్లయితే దానికి ఇజ్జత్ ఏముంటది?" అన్నాడు.

అందుకని ఏప్రిల్‌లో ఒక ఆదివారం, పద్దెనిమిది రోజులుగా పనిచేస్తున్నదాన్ని స్విచ్ ఆపి, రిబ్బన్ కట్టి, మళ్లీ స్విచ్ వేసి ప్రారంభించారు. నన్ను గుట్ట మీదికి పిలవలేదు. చాయ్ ఫ్లాస్కులను, ఉప్మా డబ్బాలను పిలిచారు. శాలువాలు కప్పుకున్నారు. ఎవరు ఎంతసేపు మాట్లాడారో యూనుస్‌కు తెలియదు. ఆయన గదిలో ఫ్యూజు దగ్గర కూర్చుని ఉన్నాడట. కార్యదర్శి భానుప్రసాద్ ప్లాస్టిక్ కవరు తీయని కొత్త సెట్టుతో ట్యాంకు అవతలి పక్కకు నడిచి, నూరు గజాల దూరం నుంచి సార్‌ను పిలిచాడు. సార్‌కు ఫైవ్ నైన్. భానుప్రసాద్‌కు ఫైవ్ నైన్. చప్పట్లు.

మరునాటి నుంచి కుమార్ వినిపించలేదు.

నేను ఆదివారం ఉదయం రేడియోలో జరిగే సభలో ఆ మాట చెప్పాను. సార్ గొంతు కూడా బరబరమంటోందని, త్రీ ఫోర్ ఇస్తున్నానని చెప్పాను. భానుప్రసాద్ బటన్ నొక్కి అందుకున్నాడు.

"సార్, నాకైతే మీరు ఫైవ్ నైన్. భాభీ సెట్టు బ్యాటరీ దిగిందేమో జర చూసుకోమనుండ్రి."

"కుమార్ కూడ ఛార్జింగ్ పెట్టుకోలేదేమో అమ్మా. ఊర్ల కరెంటు ఎట్లుంటదో నీకెరుకే గద" అన్నాడు సార్, దయగా.

వెంటనే మరో నలుగురు వరసగా సార్‌కు ఫైవ్ నైన్ ఇచ్చారు. అందులో ఒకాయనకు సార్ అడిగిన ప్రశ్న మూడుసార్లు చెప్పినా వినపడలేదు.

యూనుస్ మాత్రం నా అంకెలే నమ్మాడు. రోజు విడిచి రోజు గుట్ట ఎక్కాడు. యాంటెన్నాకు పంపిన బలంలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపే మీటరు ఒకటుంటుంది. ఒకటిన్నర లోపు ఉండాల్సిన ముల్లు నాలుగు దగ్గర నిలబడింది. అతుకుల్లో నీరు చేరిందేమోనని విప్పి చూశాడు. పొడిగా ఉన్నాయి. ఫిల్టర్లు చెడ్డాయేమోనని ఆరింటినీ విప్పి, నాలుగు నెలల మరలను మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు. తన చేతి మీద తనకే అనుమానం వచ్చిన మనిషి అన్నం ముందు కూర్చుని కూడా వేళ్లు తిప్పుకుంటూ ఉంటాడు.

జూన్ మొదటి వారంలో క్లబ్బువాళ్లు తహసీల్దారు మేడం బల్ల మీద సెట్టు పెట్టారు. కుమార్ లొద్దిగూడలో బటన్ నొక్కితే ఇక్కడ టక్కుమనే చప్పుడు, తర్వాత రేకు మీద ఇసుక పోసినట్టు గరగర. పది నిమిషాలు విన్నాక ఆమె గడియారం చూసుకుంది.

"ఆదివారం లోపల గది ఖాళీ చేసి తాళం ఇయ్యుండ్రి. ట్యాంకోళ్లు మోటరు పెట్టుకుంటరట."

అక్కణ్ణుంచి అందరూ మా ఇంటికే వచ్చారు. ఓడిపోయినవాళ్లకు కూడా చాయ్ కావాలి కదా.

"నేను మొదట్నే అనుకున్న" అన్నాడు భానుప్రసాద్, బిస్కెట్ నానబెట్టుకుంటూ. "పాత బండ్ల సామాను. ఎన్నాళ్లు నడుస్తది? రెడీమేడ్ సెట్టు కొంటే అయిపోతుండె."

"యూనుస్ కష్టం చేసిండు, కాదంటలేను" అన్నాడు సార్. "కాని సబ్జెక్టు వేరు, చేతి పని వేరు. ఆదివారం వ్యాన్ తెస్తం. పెట్టె దించి మా ఇంటి మీద పెట్టుకుందాం. ఏమంటవ్ యూనుస్?"

"మీ ఇష్టం సార్" అన్నాడు యూనుస్.

రెండేళ్లు రాగి కోసి అతికిన మనిషి అన్న మాట అది. ఇస్త్రీ చొక్కా ఎదురుగా కూర్చుంటే మా ఆయన నాలుకకు తుప్పు పడుతుంది. ఆసిఫాబాద్‌లో మూడంతస్తుల మీద ఆ పెట్టె ఎవరికి పలుకుతుంది? అక్కడ అందరికీ ఫోన్లున్నాయి.

వాళ్లు వెళ్లాక కప్పులు కడిగి, ఫోన్‌లో క్లబ్బు గ్రూపు తెరిచాను. ప్రారంభోత్సవం ఫొటోలు ముప్ఫై రెండున్నాయి. అన్నిట్లో సారే ఉన్నాడు కాబట్టి నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఈసారి సార్‌ను వదిలేసి వెనక చూశాను. ట్యాంకు కటకటాలు, నిచ్చెన, ఇనుప స్తంభం అన్నీ వెండిలా మెరుస్తున్నాయి. స్తంభం కొసన బిగించిన మా గొట్టం కూడా.

"యాంటెన్నా గొట్టం తెల్లగ ఉండాలె గద. గిట్ల మెరుస్తున్నదేంది?" అని అడిగాను.

"రంగేసిండ్రు. మంత్రిగారి మనిషి వస్తడని సార్ అన్నిటికీ వేయించిండు."

"గొట్టానికి కూడనా? నువ్వేమనలే?"

"అడిగిన. ఎండకు మంచిదన్నడు. సదువుకున్న మనిషి, నేనేం చెప్త?"

పొద్దున్నే ఇద్దరం గుట్ట ఎక్కాం. ట్యాంకు కాపలాదారు బాలమల్లు నీళ్ల కుండ పక్కన కూర్చుని ఉన్నాడు. రంగు వేసింది తనేనట.

"సార్ రెండు కోటింగులు గొట్టమన్నడమ్మా. ఒక్క కోటింగుకు మెరుస్తలేదన్నడు. నిచ్చెనెక్కి కొస దాక నేనే గొట్టిన" అన్నాడు. మంచిగా కుదిరిందా అన్నట్టు నా వైపు చూశాడు.

"డబ్బ ఉన్నదా?"

"ఉన్నది. మిగిలిన రంగు మా మేకల దొడ్డి తలుపుకు గొట్టిన. ఊర్ల గసుంటి తలుపు లేదు."

డబ్బా తెచ్చాడు. మూత చుట్టూ ఎండిన రంగు గీకి చదివాను. అల్యూమినియం పెయింట్. లోపల ఉండేది లోహపు పొడి. యూనుస్ చేత నిచ్చెన వేయించి గొట్టం మీద నాణెంతో గీయించాను. ఆయన వేలికి వెండి పొడి అంటింది. అంటే పలకాల్సిన రాగి కడ్డీలకు కింది నుంచి పై దాకా లోహపు తొడుగు తొడిగి, పైన శాలువాలు కప్పుకున్నారు.

యూనుస్ నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. "అయితే నా ఫిల్టర్లు మంచిగనే ఉన్నయా?" అని అడిగాడు.

"మంచిగనే ఉండె. నువ్వు విప్పిందాక."

అప్పుడు నవ్వాడు. రెండు నెలల తర్వాత.

గుట్ట దిగి బజారులోకి రాగానే సార్‌కు ఫోన్ చేశాను. చాలా మర్యాదగానే చెప్పాను.

"రంగుకు రేడియోకు ఏం సంబంధమమ్మా?" అన్నాడు.

"మీరే చెప్పిండ్రు గద సార్. సెకండియర్ల ఉన్నప్పుడు ట్రాన్సిస్టరును అల్యూమినియం టిఫిను డబ్బల వెట్టి మూత వెట్టిండ్రు. పాట బందయ్యింది. ఎందుకు బందయ్యిందో రెండు పేజీలు రాయిపిచ్చిండ్రు."

"అది డబ్బ. ఇది రంగు."

"రెండు కోటింగులు సార్."

అవతల ఎవరో తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

"చూడమ్మా, వ్యాన్ మాట్లాడేసినం. అందరికి చెప్పేసినం. ఇప్పుడు రంగు అని నువ్వంటే నలుగురు నవ్వుతరు" అని పెట్టేశాడు. నలుగురు నవ్వేది ఎవర్ని చూసో ఆయనకు తెలుసు. అందుకే పెట్టేశాడు.

యూనుస్ దుకాణంలో పాత ఫ్రిజ్‌ల రాగి గొట్టం ఉంది. రెండు రోజులు షట్టరు సగం దించి, కొలిచి, కోసి, అతికి ఏ తొడుగూ లేని కొత్త యాంటెన్నా చేశాడు. ఫిల్టర్ల మరలు సరిచేశాడు. శనివారం సాయంత్రం స్తంభానికి బిగించాడు. టేపు నేనే చుట్టాను. మీటరు ముల్లు ఒకటీ పావు దగ్గర ఆగింది. కుమార్‌ను పిలవమన్నాడు. నేను పిలవలేదు.

"రేపు పిలుస్తా. వ్యాన్ వచ్చినంక" అన్నాను.

ఆదివారం పదకొండుకు వాళ్లు వచ్చారు. భానుప్రసాద్ కొత్త స్క్రూడ్రైవరుతో గదిలోకి వెళ్లి, ఏ మర ముందు విప్పాలో తెలియక యూనుస్ మొహం చూశాడు. నేను గడప దగ్గర నిలబడి బటన్ నొక్కి, లైసెన్సుతో ఇచ్చిన నా గుర్తింపు పేరు, కాల్‌సైన్ చెప్పి కుమార్‌ను పిలిచాను.

పెట్టెకున్న స్పీకరు గట్టిగా పలికింది. భానుప్రసాద్ చేతిలోంచి స్క్రూడ్రైవరు జారింది.

"మేడం! ఎన్ని రోజులాయె మీ మాట ఇనక! నేను ఇస్కూలు అరుగు మీదున్న. బగ్గ మంచిగ వినవడుతున్నది. ఇక్కడ అందరు చుట్టు మూగిండ్రు. అగో, లింగవ్వ మాట్లాడుతనంటున్నది, లైసెన్సు లేదంటే ఇంటలేదు. అమ్మా, జర దూరం జరుగు."

బాలమల్లు గట్టిగా నవ్వాడు. సార్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"మంచిది. సమస్య పరిష్కారమైంది" అన్నాడు చివరికి. "తహసీల్దారుకు లెటర్ రాద్దాం. పిడుగు వడి పాత యాంటెన్నా ఖరాబైంది, క్లబ్బు పర్యవేక్షణల మార్చినం అని. రుబీనా, నీ చేతిరాత మంచిగుంటది, నువ్వు రాయి. నేను సంతకం పెడ్త."

"రాద్దాం రుబీనా" అన్నాడు యూనుస్ వెంటనే. "ఏదైతేంది? పెట్టె ఉంటే చాలు."

నాకు సార్ మీద కంటే ఆయన మీదే కోపం వచ్చింది. పెట్టె ఉండాలనే నేనూ నిలబడ్డాను. ఆ ఉత్తరంతో ఉండదని ఇద్దరికీ తట్టలేదు.

"పిడుగు వడ్డ గదిని ఏ ఆఫీసరు మళ్ల ఇస్తడు సార్? రేపు ఇంకో పిడుగు వడితే ట్యాంకు మోటరు కాలుతది, బాలమల్లుకు ఏమన్న అయితది అని ఆమె అనదా? పిడుగు వడితే రెండు సెట్లు, ఆరు ఫిల్టర్లు ఎట్ల మిగిలినయని అడగదా?"

"అంత లోతుకు ఎవరు అడుగుతరమ్మా?"

"నేనైతే అడుగుత."

"మరి రంగు అని రాస్తే నేను సంతకం పెట్ట" అన్నాడు సార్. గొంతులో దయ లేదు.

"వద్దు సార్. నాకు లైసెన్సున్నది. నేనే పెట్టుకుంట."

భానుప్రసాద్ ఖాళీ వ్యాన్ దగ్గరికి నడుస్తూ "భాభీకి కోపమొచ్చింది" అన్నాడు, కోపం ఒక జబ్బయినట్టు. సార్ ఆయన వెనకే దిగిపోయాడు.

ఉత్తరం ఒక పేజీ రాశాను. ఏ తేదీ దాకా కుమార్ వినిపించాడో, ఏ తేదీ నుంచి ఆగిపోయాడో నోటుబుక్కులోంచి ఎక్కించాను. యాంటెన్నా గొట్టానికి పొరపాటున లోహపు పొడి ఉన్న రంగు పడిందనీ, ఇప్పుడు మార్చామనీ రాశాను. రంగు పేరు రాశాను. వేయించిన మనిషి పేరు రాయలేదు. అది తహసీల్దారుకు అవసరం లేదు, సార్‌కు తెలుసు, చాలు. పెట్టె తయారుచేసిందీ, బాగుచేసిందీ యూనుస్ అని రాశాను. అది మాత్రం ఆమెకు తెలియాలి.

సోమవారం మేడం ఉత్తరం రెండుసార్లు చదివింది. యూనుస్ లోపలికి రానని బయట స్కూటరు దగ్గరే ఆగిపోయాడు.

"రంగుతోనా? నిజమా?" అంది.

"నిజమే మేడం."

"మీ అధ్యక్షుని సంతకం లేదేంది?"

"ఆయన పిడుగు అని రాద్దామన్నడు. నేను కాదన్న."

ఆమె నా వైపు చూసి, ఉత్తరం వైపు చూసి, నేను తెచ్చి బల్ల మీద పెట్టిన సెట్టు నా ముందుకు జరిపింది. నేను కుమార్‌ను పిలిచాను. రెండో మాటకే పలికాడు. నిన్న పైన వాన పడిందనీ, వాగు మోకాళ్ల దాకా వచ్చిందనీ, పెద్దగా ఫికర్ లేదనీ చెప్పాడు. బయట కూర్చున్న గుమాస్తా కూడా తలుపు దగ్గరికి వచ్చి విన్నాడు. మేడం తనే సెట్టు తీసుకోబోతే, లైసెన్సు లేకుండా మాట్లాడకూడదని చెప్పాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, ఊళ్లో గర్భిణులు ఎందరున్నారో అడగమంది. అడిగాను. ఇద్దరన్నాడు. అందులో ఒకరికి వచ్చే నెలేనన్నాడు.

ఆమె నా ఉత్తరం మీదే ఏడాదికి అని రాసి సంతకం పెట్టింది. ట్యాంకువాళ్ల మోటరు వేరేచోట పెట్టుకోమని గుమాస్తాకు చెప్పింది. సంతకం కింద తేదీ లేదు. అడిగి వేయించుకున్నాను.

బయటికి వచ్చేసరికి యూనుస్ స్కూటరు సీటు గుడ్డతో తుడుస్తున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఏమన్నది?"

"ఏడాదికిచ్చింది."

కాగితం తీసుకుని తన పేరు ఉన్న వరుస దగ్గర వేలు పెట్టి చదివాడు. మడతపెట్టి నాకిచ్చాడు.

"సార్ ఏమనుకుంటడో. జర ఫోన్ చేసి మంచిగ చెప్తవా?" అన్నాడు.

"నువ్వే చెయ్యి."

ఫోన్ జేబులోంచి తీశాడు. సార్ పేరు దాకా వెళ్లి ఆగాడు. బొటనవేలు దాని మీద అట్లాగే కాసేపు నిలబడింది. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని స్కూటరు కిక్ కొట్టాడు.

"గుట్ట మీద బ్యాటరీల నీళ్లు తగ్గినయి. పోసొస్తా. నిన్ను ఇంటికాడ దింపాల్నా?"

"వద్దు. నేను కూడ వస్తా" అని వెనక ఎక్కాను.